బుడ్డ బండి మెడ

పోయిన మాఘమాసంలో మా అన్న మనవరాలి పెళ్లి సంతోష్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. పెళ్లికొడుకు గుర్రం మీద వస్తాడనుకుని ఆడవాళ్లమంతా హారతి పళ్లెం పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాం. గుర్రం రాలేదు. బ్యాండు వాళ్లు రెండుగా చీలి దారి ఇచ్చారు. మధ్యలోంచి ఒక చిన్న మోటార్ సైకిల్, దాని మీద షేర్వానీ తొడుక్కున్న ఆరడుగుల మనిషి, మోకాళ్లు చెవుల దాకా ముడుచుకుని, కప్ప ఎలుక మీద సవారీ చేస్తున్నట్టు వచ్చాడు. ఎర్రటి టాంకు, చిన్న చక్రాలు, హ్యాండిల్‌కు బంతిపూల దండ. పిల్లలందరూ ఫోన్లు పైకెత్తి కేకలు పెట్టారు. పెళ్లికొడుకు తమ్ముడు నా పక్కకు వచ్చి, "అమ్మమ్మా, ఇది ఇప్పటి బండి కాదు. తుక్కులో దొరికితే సంవత్సరం పట్టింది దీన్ని బాగు చేయనీకి. ఇప్పుడు వీటికి మస్తు డిమాండ్. మీకు తెల్వకపోవచ్చు" అన్నాడు. నాకు తెలుసునని అనలేదు. టాంకు కింద మెడ దగ్గర వేలితో కొడితే ఎలాంటి చప్పుడు రావాలో, ఎలాంటిది రాకూడదో కూడా తెలుసునని అసలే అనలేదు. పక్కన కుర్చీలో మా వదిన ఉంది. ఎనభై దాటాయి, చూపు సరిగా ఆనదు. కానీ ఆ ఇంజను కూత వినగానే నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఏంది పిల్లా, గదేనా?"

"గది కాదు వదినా. గసొంటిది."

"నిజం చెప్పు" అంది. నలభై ఏళ్ల పైబడి నన్ను ఆ మాట అడగనిది, ఆవేళ అడిగింది.

అప్పట్లో మేం దబీర్‌పురాలో ఉండేవాళ్లం. రైలు పట్టాలకు ఆనుకుని రెండు గదుల ఇల్లు. బాపు రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి, పింఛను రాకముందే పోయాడు. ఆ తర్వాత ఏడాదికే అమ్మా పోయింది. మిగిలింది అన్న, వదిన, వాళ్ల పసివాడు, నేను. రైలు వెళ్లినప్పుడల్లా గూట్లో గ్లాసులు ఒక వేలెడంత ముందుకు జరిగేవి. వదిన పొద్దుగూకే వేళకు వాటిని మళ్లీ వెనక్కి నెట్టేది. చుట్టాలు వస్తే భూకంపమనుకుని బయటికి ఉరికేవాళ్లు, మేం మాత్రం అన్నం తింటూనే ఉండేవాళ్లం. అన్న ఒక సర్కారు కర్మాగారంలో వెల్డరు. నిప్పు రవ్వలకు ముందు జుట్టు మాడి, ఎప్పుడూ ఎర్రటి కళ్లతో ఉండేవాడు. తాగినట్టు కనిపించేవాడు గానీ చాయ్ తప్ప ఏదీ ముట్టేవాడు కాదు. నేను మూసీ అవతల ఒక ప్రభుత్వ కార్యాలయంలో టైపిస్టును. ఇరవై ఏడేళ్లు వచ్చినా పెళ్లి కాలేదని గల్లీ అంతా దిగులు పడుతుండేది. నాకు మాత్రం ఆ దిగులు కంటే పొద్దున బస్సు దొరకడం పెద్ద సమస్య.

డెబ్బైల నడుమ ఆ చిన్న మోటార్ సైకిళ్ల పిచ్చి ఊరికి పట్టింది. ఏదో హిందీ సినిమాలో హీరో హీరోయిన్‌ను వెనక కూర్చోబెట్టుకుని తిరిగాడట. ఇంక కాలేజీ పిల్లల దగ్గర నుంచి పెళ్లీడు దాటిన గుమాస్తాల దాకా అందరికీ అదే కావాలి. పాతబస్తీ గల్లీలకు అది కుట్టించినట్టు సరిపోయేది. పెద్ద బండిని మూడుసార్లు వెనకా ముందూ ఆడితే గానీ తిరగని మలుపులో, అది మేకపిల్లలా గిర్రున తిరిగేది. మా వైపు జనం దాన్ని బుడ్డ బండి అనేవాళ్లు. దబీర్‌పురా స్టేషన్ దగ్గర ఒక ఉస్తాద్ రిపేరు దుకాణం ఉండేది. తెల్లటి గడ్డం, నల్లటి చేతులు. ఆ గడ్డానికి మడ్డి అంటకుండా ఎలా చూసుకునేవాడో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. ఆయనకు ఆ బండి వంశవృక్షమంతా తెలుసు. వయసులో ఉన్నప్పుడు కంటోన్మెంటులో పని చేశాడట. పెద్ద యుద్ధం రోజుల్లో ఇంగ్లీషు సిపాయిల కోసం మడత పెట్టే చిన్న బండ్లు చేశారనీ, వాటిని పెట్టెల్లో పెట్టి గొడుగులు కట్టి విమానాల్లోంచి కిందికి వదిలేవాళ్లనీ చెప్పేవాడు. యుద్ధం అయ్యాక అవి తుక్కుకు పోయాయి. మరో దేశం వాళ్లు జాతరల్లో పిల్లలు ఆడుకునేందుకు అలాంటివే చేశారు. పెద్దవాళ్లకూ సరదా పుట్టి ఎక్కడం మొదలుపెట్టారు. చివరికి మన దగ్గర ఈ రూపంలో వచ్చింది.

"కానీ మనోళ్లు ఏం చేసిండ్రో తెల్సా బేటా? పెద్ద బండి ఇంజను తెచ్చి గీ చిన్న ఒంట్ల పెట్టిండ్రు. ఎద్దు గుండె మేకపిల్లల కొట్టుకుంటుంది. దిల్ మస్తుంది. మెడనే కంజోర్" అని అన్నతో అనేవాడు ఉస్తాద్.

అన్న నవ్వేవాడు. ఆయన చెప్పినదాంట్లో గుండె మాటే అన్న చెవికెక్కింది, మెడ బలహీనమన్న మాట ఎక్కలేదు.

జహనుమాలో ఒక కంట్రాక్టరు కొడుకు బండి అమ్ముతున్నాడని విని ఒక ఆదివారం వెళ్లాం. అన్న నన్నూ తీసుకెళ్లాడు, ఎందుకంటే రోజూ వెనక కూర్చోవాల్సింది నేను. బండి పెరట్లో గోనెపట్టా కింద ఉంది. కంట్రాక్టరు కొడుకు చేతికి కట్టు ఉంది, దాని గురించి అడిగితే మాట తప్పించాడు. బండి బయటికి తెస్తుంటే వాళ్ల అమ్మ అరుగు మీద నుంచి లేచి లోపలికి వెళ్లి తలుపేసుకుంది. మేం వీధి మలుపు తిరిగే దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. దారిలో అన్నతో అన్నాను, "ఆమె గట్ల లోపలికి పోయిందేంది?" అని. "ఎండకు పోయింది" అన్నాడు. అప్పుడు మబ్బు పట్టి ఉంది.

ఇంటికి తెచ్చి టాంకు విప్పితే మెడ దగ్గర, హ్యాండిల్ తిరిగే గొట్టం ఫ్రేముకు అతుక్కునే చోట, ఒక బీట కనిపించింది. అన్నకు అది అవమానంగా కాదు, సంబరంగా తోచింది. తన విద్య చూపించుకునే చోటు దొరికింది. ఆ సాయంత్రమే అద్దం అడ్డం పెట్టుకుని అతికాడు. పని అందంగా వచ్చింది, చేప పొలుసుల్లా వరుసగా. ఆకుపచ్చ రంగు కూడా వేశాడు. మర్నాడు ఉస్తాద్ వచ్చి వంగి, వేలి కణుపుతో మెడ మీద కొట్టి చెవి పెట్టాడు. ఇంకోచోట కొట్టాడు. అక్కడ గంటలా మోగింది, మెడ దగ్గర మాత్రం మట్టికుండలా పలికింది.

"నీ అతుకు గట్టిదే బేటా, దానికి ఢోకా లేదు. పైపు అలిసిపోయింది. అతుకు పక్కపొంటి మళ్లా పగుల్తది. ఫ్రేం మార్చు, లేకుంటే ఎక్కకు."

"ఫికర్ చేయకు ఉస్తాద్. రోజు చూసుకుంట" అన్నాడు అన్న.

మొదటి నెలలు హాయిగానే గడిచాయని ఒప్పుకోవాలి. బస్సు కోసం ఎదురుచూపు లేదు. చాదర్‌ఘాట్ వంతెన మీద మూసీ గాలి మొహానికి కొడుతుంటే, చీర కొంగు నడుముకు బిగించుకుని వెనక కూర్చునే ఆడది అప్పట్లో ఎంతమంది? కానీ వేగం కాస్త పెరిగితే చాలు, బండి తల అడ్డంగా ఊపేది. ఏదో వద్దంటున్నట్టు ఎడమకూ కుడికీ ఆడేది. అన్న వేగం తగ్గించేవాడు, తల ఊపడం ఆగేది. ఒకసారి గుంటలో పడి ఇద్దరం పక్కకు ఒరిగాం. మోచేతులు గీసుకుపోయాయి. ఆ రోజు నుంచి వదిన మనసు మనసులో లేదు. బండికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. గుడి నుంచి తెచ్చిన ఎర్రదారం ఒకటి, దర్గా నుంచి తెచ్చిన పచ్చదారం ఒకటి చుట్టింది. చివరికి బండి కంటే తాయెత్తులే బరువు తూగేలా ఉన్నాయని అన్న వేళాకోళం చేసేవాడు. ఆమె నవ్వేది కాదు. బండి గల్లీ మలుపులో వినిపించే దాకా పొయ్యి దగ్గరికి పోయేది కాదు.

పొద్దున్నే బండి తుడవడం నా వంతు. ఒకరోజు గుడ్డ మెడ దగ్గరికి వచ్చేసరికి దారపు పోగు ఒకటి ఆకుపచ్చ రంగుకు చిక్కుకుని ఆగింది. కళ్లజోడు తీసి తుడుచుకుని చూశాను. అన్న అతుకు చెక్కుచెదరలేదు. దాని పక్కన వెంట్రుకంత సన్నటి నల్లగీత. అన్నను పిలిచాను. గోటితో గీకి చూసి, "పెయింట్ పగిలింది చెల్లె, అంతే" అన్నాడు. ఆయన గొంతులో తొందర వినబడింది. ఆ వారంలోనే కర్మాగారం వాళ్లు ఆయన్ను రెండు నెలల పని మీద వేరే ఊరికి పంపారు. రైలెక్కేముందు, "బండి మీద పట్టా కప్పుండ్రి. నేనొచ్చినంక చూస్త" అన్నాడు.

ఆయన వెళ్లిన మూడో రోజు వదిన నా ముందు కూర్చుని, "ఆయన వచ్చేలోపల గది మనింట్ల ఉండొద్దు. అమ్మేద్దాం. నీకు దండం పెడ్త పిల్లా" అంది. నాకూ కావాల్సింది అదే. మా ఇంట్లోంచి ఆ గీత వెళ్లిపోవాలి. ఎక్కడికి వెళుతుందన్నది ఇద్దరం ఆలోచించలేదు. ఆలోచించలేదంటే అది కూడా పూర్తి నిజం కాదు.

మా ఆఫీసులో పక్క సెక్షన్‌లో ఒక డ్రాఫ్ట్స్‌మన్ ఉండేవాడు. కోస్తా జిల్లా నుంచి వచ్చాడు, నాకంటే రెండేళ్లు చిన్న, కొత్తగా పెళ్లయింది, సంతోష్‌నగర్‌లో అద్దె ఇల్లు. అన్న నన్ను దింపినప్పుడల్లా కిటికీలోంచి బండిని చూస్తూ ఉండిపోయేవాడు. పెన్సిలు చెవి మీద పెట్టుకుని దాన్నే వెతుక్కునే రకం. ఆ రోజుల్లో ఆఫీసులో ఇక్కడివాళ్లు ఒక మూల, అక్కడివాళ్లు ఒక మూల భోజనం చేసేవాళ్లం. మాట యాస వింటేనే మొహాలు తిరిగిపోయే కాలం. ఆయనతో నాకు వైరం లేదు, చుట్టరికమూ లేదు. బండి అమ్ముతున్నామని ఎవరో చెబితే మర్నాడే భార్యను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చాడు.

ఆయన బండి చుట్టూ చిన్నపిల్లాడిలా తిరిగాడు. హారన్ కొట్టాడు, దీపం వేశాడు, సీటు నిమిరాడు. ఆయన భార్య మాత్రం బండిని చూడలేదు, నన్ను చూసింది. సన్నటి మనిషి, ఇరవై కూడా ఉండవు. నన్ను పక్కకు పిలిచింది.

"అక్కయ్యగారూ, ఆయనకి మనసైతే మంచీ చెడ్డా కనబడదండీ. నాకు బళ్ల సంగతి తెలీదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఏమన్నా లోపముందా?"

వదిన గుమ్మంలో నిలబడి ఉంది, పసివాణ్ణి చంకనేసుకుని. నేను వదిన వైపు చూడలేదు.

"ఏం లేదు. మంచి బండి. మా అన్న చేతులతోని చూసుకున్న బండి" అన్నాను.

"మీ మాటే నమ్మాను" అంది ఆ అమ్మాయి.

ఇద్దరూ ఎక్కి వెళ్లారు. వదిన కట్టిన దారాలు హ్యాండిల్‌కు అలాగే వేలాడుతున్నాయి. ఆ సాయంత్రం ఇంట్లో ఎంత నిశ్శబ్దమంటే, రైలు వెళ్లినప్పుడు గూట్లో గ్లాసులు కదలడం కూడా హాయిగా ఉంది. వదిన పాయసం చేసింది. ఇద్దరం తిన్నాం. నేను రెండోసారి కూడా వేయించుకున్నాను. అదొక్కటి ఎంత ప్రయత్నించినా మరిచిపోలేకపోయాను.

నేను లెక్కలోకి తీసుకోనిది ఏమిటంటే, ఆయన రోజూ అదే బండి మీద మా ఆఫీసుకే వస్తాడు. సైకిల్ స్టాండులో నీడన పెట్టేవాడు. మొదటి రోజే నా కాళ్లు అటు తీసుకెళ్లాయి. మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పే వేళ, చెప్పు తెగినట్టు కూర్చుని టాంకు కిందికి చూశాను. గీత గోరంత ఉంది. పది రోజులకు రెండు గోళ్లంత అయింది. నెలకు గొట్టం వెనక్కి తిరిగి నా కంటికి కనబడని వైపు వెళ్లింది. అంటే పొడవు ఎంతో ఇక తెలియదు. టైపు మిషను ముందు కూర్చుంటే అక్షరాల మీద అక్షరాలు పడేవి. నోరు తెరవబోయిన రోజులు ఉన్నాయి. కానీ చెబితే, "మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు?" అని అడుగుతారు. ఆఫీసంతా తెలుస్తుంది. ఆ మూల వాళ్లు, ఈ మూల వాళ్లు దాన్నొక లొల్లి చేస్తారు. ఒక రోజు ఆలస్యం చేస్తే రెండో రోజుకు తప్పు రెండింతలవుతుంది, మూడో రోజుకు నోరు మరింత బిగుసుకుంటుంది. సాయంత్రం ఆయన నా పక్కన ఆపి, "రండి అక్కయ్యగారూ, మీ బండే కదా, దబీర్‌పురాలో దింపేసి వెళతాను" అనేవాడు. నేను ఒకరోజు కూరగాయలు కొనాలనేదాన్ని, ఒకరోజు తలనొప్పి అనేదాన్ని. ఒక రోజు ఆయన భార్య వెనక కూర్చుని ఉంది. చేయి ఊపింది. నేనూ ఊపాను. బస్సెక్కాక కండక్టరు టికెట్టు అడిగితే దబీర్‌పురా అనబోయి సంతోష్‌నగర్ అన్నాను.

అన్న ఒక ఆదివారం సాయంత్రం తిరిగి వచ్చాడు. పెట్టె కూడా దించకముందే పట్టా లేని చోటును చూశాడు. వదిన ఏడుస్తూ చెప్పింది. తిడతాడనుకున్నాం. తిట్టలేదు. నా వైపు తిరిగి అడిగాడు, "మెడ సంగతి చెప్పినవా?"

నేను ఆయన పెట్టె అందుకుని గోడ వారకు జరిపాను.

"చెల్లె, చెప్పినవా లేదా?"

"లే."

అన్న గోడకు చేరగిలబడ్డాడు. ఎర్రటి కళ్లు మూసుకున్నాడు. రెండు రాత్రుల ప్రయాణం ఆయన మొహం మీద ఉంది. "రేపు పొద్దుగాల ఆఫీసుల ఫస్ట్ గదే చెప్పు. బండి నేను వాపస్ తీస్కుంట. ఫ్రేం మారుస్త. ఇయ్యాల నాకు కాళ్లు వస్తలేవు" అన్నాడు. సంతోష్‌నగర్ మాకు ఎంతో దూరం కాదు. సైకిల్ మీద పోతే అరగంట కూడా పట్టదు. ఆ అరగంట గురించి ఆయన బతికినన్నాళ్లూ నాతో ఒక్కసారి కూడా మాట్లాడలేదు, నేనూ ఎత్తలేదు.

సోమవారం అందరికంటే ముందు ఆఫీసు చేరాను. సైకిల్ స్టాండులో ఆయన చోటు ఖాళీగా ఉంది. పది అయింది, పదకొండు అయింది. వాళ్ల సెక్షన్‌కు వెళ్లి అడిగాను. "ఇవాళ సరాసరి జహనుమా వైపు సర్వేకు వెళ్లాడమ్మా. నీళ్ల పైపుల పని" అన్నారు. ఆ పేరు వినగానే వేసిన తలుపు ఒకటి కళ్ల ముందుకు వచ్చింది. సెలవు చీటీ రాసి, ఆటో ఎక్కి, ఏ వీధి అని చెప్పాలో తెలియక డ్రైవరుతో, "జహనుమాకు పో అన్నా, ఫలక్‌నుమా దిక్కు, తొందరగా" అన్నాను. చేరేసరికి ఎత్తు మీద నుంచి కిందికి దిగే బాటలో జనం గుమిగూడి ఉన్నారు. మనిషిని అప్పటికే తీసుకెళ్లారు. బండి రెండుగా పడి ఉంది. ముందు చక్రం, హ్యాండిల్ ఒక పక్క. సీటు, ఇంజను ఇంకో పక్క. ఇంజను ఇంకా వేడిగా ఉంది, కిందికి నూనె కారుతోంది. ఒక కానిస్టేబుల్ గుంటను కట్టెతో చూపిస్తూ, "రోడ్ ఖరాబుంది, ఏం చేస్తం" అంటున్నాడు. నేను వంగి విరిగిన చోటు చూశాను. ముప్పావు వంతు నల్లగా తుప్పుపట్టి ఉంది. పావు వంతే తెల్లగా, కొత్తగా మెరుస్తోంది. ఆ తెల్లటిది ఆ పొద్దున విరిగింది. నల్లటిదంతా నాకు ముందే తెలిసింది.

ప్రాణం దక్కింది. ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. మూడో రోజు ఆసుపత్రి వరండాలో ఆయన భార్య ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూర్చుని ఉంటే, నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. అన్నీ చెప్పాను. గీత, ఉస్తాద్ మాట, స్టాండులో నేను వంగి చూసిన రోజులు, అన్నీ. ఆమె ఫ్లాస్కు మూత తిప్పుతూ, బిగిస్తూ వింది. నన్ను కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండనీ అనుకున్నాను.

"నేను మిమ్మల్ని అడిగాను" అంది చివరికి.

"అడిగిండ్రు."

"ఆయన తన తప్పేనంటున్నారు. పల్లంలో బ్రేకు వేయకుండా వదిలేశానంటున్నారు. అందరితో అదే చెబుతున్నారు." ఫ్లాస్కు పక్కన పెట్టింది. "ఆయనకి చెప్పకండి."

"చెప్పకుంటే నేను ఎట్ల..."

"మీ సంగతి నాకనవసరం. మీరు చెబితే మీకు బరువు దిగుతుంది. ఆయనకి ద్వేషించడానికి ఒక మనిషి దొరుకుతుంది. ఆ మంచం మీద పడుకుని రోజంతా మిమ్మల్నే తలుచుకుంటూ ఉంటే ఇంక లేవరు. తన తప్పనుకుంటే, దిద్దుకోవాలని లేస్తారు. ఆయన సంగతి నాకు తెలుసు." లేచి నిలబడింది. "ఎప్పటికీ చెప్పకండి. నాకు మాటివ్వండి. ఈసారి నిజంగా."

ఇచ్చాను.

ఆమె చెప్పినట్టే ఆయన లేచాడు. చంక కర్రలతో ఆఫీసుకు వచ్చాడు. రెండేళ్ల పైన గడిచాక ఒకరోజు చుట్ట చుట్టిన ట్రేసింగ్ కాగితం పట్టుకుని ఆటోలో మా ఇంటికి వచ్చాడు. నేల మీద పరిచాడు. పాత బండే, కానీ వెనక రెండు చక్రాలు, వెడల్పాటి ఇరుసు, కాలితో వేసే గేరు చేతికి మార్చిన కడ్డీ, కర్రలు పెట్టుకునే గొట్టం. ఒక్కొక్కదానికీ కొలతలు, చక్కటి చేతిరాత. "అన్నయ్యగారూ, ముక్కలు ఉస్తాద్ గారి షెడ్డులోనే ఉన్నాయట. ఆయనకి తుక్కుకు అమ్మబుద్ధి కాలేదట. మీ చేత్తో అతికి పెడతారా?" అన్నాడు. అన్న ఆ కాగితం మీద మెడ గీసిన చోట వేలు ఆనించాడు. "అతకను సార్. మెడ మొత్తం కొత్తది చేస్త" అన్నాడు.

ఆరు నెలల ఆదివారాలు అందుకే పోయాయి. ఉస్తాద్ ఇంజను విప్పి సరిచేశాడు. అన్న గొట్టం కొత్తది తెచ్చి రెండింతల మందంతో మెడ కట్టాడు. ఉస్తాద్ కణుపుతో కొట్టి, చెవి పెట్టి, "ఇప్పుడు పలికింది" అన్నాడు. ఎనభైల మొదట్లో, ఊళ్లో ఆ బుడ్డ బండ్లన్నీ మూలనపడి తుక్కుకు పోతున్న రోజుల్లో, ఆ ఒక్కటి మూడు చక్రాల మీద మళ్లీ రోడ్డెక్కింది. జనం ఆగి చూసేవాళ్లు. ఆయన రాజులా కూర్చుని ఆఫీసుకు వచ్చేవాడు. వెనక భార్య, మధ్యలో రెండేళ్ల కూతురు. ఆయన సంతోషంలో కపటం లేదు, నేనది చూడలేక కిటికీ పక్క నుంచి నా బల్లను జరిపించుకున్నాను.

ఏటా వేసవిలో వాళ్ల ఊరి నుంచి వచ్చిన ఆవకాయ జాడీ పట్టుకుని దబీర్‌పురాకు వచ్చేవాడు. "మీ ఇల్లు లేకపోతే నేను మంచానికే అంకితమయ్యేవాణ్ణి అక్కయ్యగారూ" అనేవాడు. అన్న ఆ ఆవకాయ తింటూ కళ్ల నీళ్లు పెట్టుకుని, కారం ఎక్కువైందనేవాడు. వదిన ముట్టేది కాదు. నేను తినక తప్పేది కాదు, ఎందుకంటే ఆయన భార్య ఎదురుగా కూర్చుని నేను తినే దాకా చూసేది. నవ్వుతూనే మాట్లాడేది. పిల్ల చదువు, పాల ధర, ఎండలు. వెళ్లేటప్పుడు మాత్రం, భర్త బండి ఎక్కకముందు వంగి, వేలి కణుపుతో మెడ మీద ఒకసారి కొట్టేది. అది ఎవరు నేర్పారో తెలియదు. కొట్టి, చెవి పెట్టి వినేది, ఆ తర్వాత నా వైపు చూసేది. ఒక్క సంవత్సరం కూడా మానలేదు. ఎండాకాలం వస్తోందంటే నాకు మామిడికాయల కంటే ముందు ఆ చప్పుడు గుర్తొచ్చేది. ఏదో ఒక ఏడు ఆమె మాట మార్చుకుంటుందనీ, లేక నేనే మార్చుకుంటాననీ, అందరి ముందూ అది బయటపడుతుందనీ ఎదురుచూసేదాన్ని. ఏ ఏడూ బయటపడలేదు.

ఆయన ముసలితనంలో, మంచి నిద్రలో పోయాడు. అప్పటికి మా అన్న కూడా లేడు. పన్నెండో రోజు అయ్యాక నేనొక్కదాన్నే వాళ్లింటికి వెళ్లాను. ఆమె నాకు మంచినీళ్లు ఇచ్చి ఎదురుగా కూర్చుంది. జుట్టంతా నెరిసింది, మనిషి మాత్రం అంతే సన్నం. "మీరిచ్చిన మాట ఇంక అక్కర్లేదు అక్కయ్యగారూ. ఇప్పుడు చెప్పుకోవచ్చు. వినాల్సిన మనిషే లేరు" అంది. ఆ గొంతులో కోపం వెతికాను, దొరకలేదు. దయ వెతికాను, అదీ దొరకలేదు. గ్లాసు కింద పెట్టి వచ్చేశాను.

పెళ్లి హాల్లో వదిన మణికట్టు వదలకుండా, "ఆ పోరి నిన్ను మాఫ్ చేసిందా పిల్లా?" అని అడిగింది. తెలియదన్నాను. అది నిజమే. బ్యాండు మోత కింద ఆమెకు వినబడిందో లేదో గానీ తల ఊపి ఊరుకుంది. ఏళ్లు గడిచేకొద్దీ అన్నీ చిన్నవవుతాయని చిన్నప్పుడు అమ్మ చెప్పేది. కాలం నా అబద్ధాన్ని పాతది చేయగలిగింది గానీ, చిన్నది మాత్రం చేయలేకపోయింది.